లినక్స్‌లో ఆటలు: ఎంత పెట్టాలి, ఎప్పుడు కొనాలి?

కొబ్బరాకు

ఇక్కడ ఎప్పుడు చూసినా ఏ డిస్ట్రో (లినక్స్‌లో ఒక రకం) మంచిదనే గొడవే. డిస్ట్రో ఊరికే వస్తుంది కదా, డబ్బు పోయేది ఆటల మీద. ఆ లెక్క ఎవరూ రాయట్లేదని నేనే మొదలుపెడుతున్నా.

నాది రైజెన్ 5 లాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. విండోస్ లేకుండా డాస్‌తో వచ్చే మోడల్ కొంత చవకని అదే తీసుకుని లినక్స్ వేసుకున్నా. ఆటలకి నెలకి మూడు నాలుగు వందలు పెట్టగలను, అది కూడా అన్ని నెలలూ కుదరదు.

నా వాదన ఇది. ఒకే ఆటకి విండోస్ వాళ్ళు, మనం ఒకే ధర కడుతున్నాం. కానీ చేతికొచ్చేది ఒకటే కాదు. విండోస్‌లో నడవకపోతే కంపెనీని నిలదీయొచ్చు. మన దగ్గర ప్రోటాన్ (విండోస్ ఆటలని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) దయ వల్ల నడుస్తుంది. రేపు ఏదో అప్‌డేట్ వచ్చి ఆగిపోతే "మేం లినక్స్‌కి అమ్మలేదుగా" అంటారు, ఆ మాట నిజమే కూడా. అందుకే లినక్స్ సపోర్ట్ ఉందని రాయని ఆటకి నేను పూర్తి ధర పెట్టను. సగానికి పైగా తగ్గితేనే చూస్తా. ప్రీ ఆర్డర్ జోలికి అసలు వెళ్ళను.

కొత్తగా వచ్చే పెద్ద ఆటలు మన రూపాయల్లోనే నాలుగు వేలు, ఐదు వేలు చెప్తున్నారు. ఆ డబ్బుకి సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు వచ్చేస్తుంది.

మీరైతే ఎంత వరకు పెడతారు? ఎక్కడ కొంటారు?

---

హాస్టల్‌బ్యాచ్

అన్నా, నేను పెట్టేది సున్నా. డోటా 2, కౌంటర్ స్ట్రైక్ 2 రెండూ ఫ్రీ, రెండూ లినక్స్‌లో నేరుగా నడుస్తాయి. ఇంకేం కావాలి?

నాకు డబ్బు కన్నా డేటాతో ఇబ్బంది. హాస్టల్ వైఫై సంగతి అందరికీ తెలిసిందే. ఫోన్ హాట్‌స్పాట్ మీద 80 జీబీ ఆట దించాలంటే ఎన్ని రోజులో లెక్క వేసుకోండి. పైగా స్టీమ్ (ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) ఆటతో పాటు షేడర్ ఫైళ్ళు (గ్రాఫిక్స్ కోసం ముందే తయారుచేసినవి) కూడా దించుతూ ఉంటుంది. సెట్టింగ్స్‌లో షేడర్ ప్రీ క్యాషింగ్ ఆపేస్తే డేటా కొంత మిగులుతుంది. మొదట్లో ఆట అక్కడక్కడా ఆగి ఆగి నడుస్తుంది, తర్వాత సర్దుకుంటుంది.

---

విండోసే_మేలు

ఇంత బాధ దేనికి బ్రో? లినక్స్ పక్కనే విండోస్ కూడా వేసి డ్యూయల్ బూట్ పెట్టుకో, హాయిగా ఆడుకో.

---

కొబ్బరాకు

> డ్యూయల్ బూట్ పెట్టుకో

512 జీబీ డ్రైవ్‌లో విండోస్‌కి వంద, దాని ఆటలకి రెండొందలు ఇస్తే నాకు మిగిలేది ఎంత? లైసెన్స్ ఖర్చు వేరే. "అందరూ యాక్టివేట్ చేయకుండానే వాడతారు" అని మాత్రం అనకు, ఆ చర్చ ఈ వేదికలో ఎప్పుడూ చల్లారలేదు.

---

పాతకాపు

కొబ్బరాకు గారూ, మీ లెక్క కొంత నిజం, కొంత పాతబడింది. నేను 2000 ముందు నుంచీ లినక్స్ వాడుతున్నాను కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను, విసుక్కోకండి.

అప్పట్లో లోకీ సాఫ్ట్‌వేర్ అనే అమెరికన్ కంపెనీ ఉండేది. 1998లో మొదలైంది. విండోస్ ఆటలని లినక్స్‌కి మార్చి విడిగా పెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళు. సివిలైజేషన్: కాల్ టు పవర్, క్వేక్ 3 అన్నీ వాళ్ళు తెచ్చినవే. చిక్కేమిటంటే, లినక్స్ పెట్టె వచ్చేసరికి విండోస్ కాపీ ధర తగ్గిపోయి ఉండేది. ఆట కావాలనుకున్నవాడు ఈలోగా అదే కొనేసేవాడు. ఒకే ఆటకి రెండోసారి ఎవరు కడతారు? 2002 జనవరికి ఆ కంపెనీ మూతపడింది.

ఇప్పుడు ఆ బాధ లేదు. స్టీమ్‌లో ఒకసారి కొంటే విండోస్, మ్యాక్, లినక్స్ దేనికి ఉన్నా మీకు వచ్చేస్తుంది. స్టీమ్ లినక్స్‌కి వచ్చింది 2013 ఫిబ్రవరిలో, ప్రోటాన్ 2018 ఆగస్టులో. అప్పటిదాకా స్టోర్ పేజీలో లినక్స్ గుర్తు ఉందా లేదా అని చూసి కొనేవాళ్ళం. ప్రోటాన్ వచ్చాక ఆ గుర్తుకి విలువ తగ్గింది. నా లైబ్రరీలో ఆ గుర్తు ఉన్న పాత ఆటలే కొన్ని కొత్త డిస్ట్రోల్లో తెరుచుకోవట్లేదు. వాటి విండోస్ వెర్షన్‌ని ప్రోటాన్‌లో పెడితే చక్కగా నడుస్తున్నాయి.

కాబట్టి "లినక్స్ సపోర్ట్ ఉంటే పూర్తి ధర, లేకపోతే సగం" అనే మీ సూత్రం నాకు తిరగబడినట్టు కనిపిస్తోంది.

---

నల్లమల

పాతకాపు గారు చెప్పింది కరెక్ట్. లినక్స్ గుర్తుని నమ్మి కొన్నవాళ్ళకి రాకెట్ లీగ్ గుర్తుండే ఉంటుంది. 2020 మార్చిలో మ్యాక్, లినక్స్ వెర్షన్లకి ఆన్‌లైన్ ఆపేశారు. రీఫండ్ ఇచ్చారనుకోండి. అయినా ఆట ఆటే పోయింది కదా.

---

కొబ్బరాకు

పాతకాపు గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటా, కానీ నా సూత్రం వదలను. నేటివ్ పోర్ట్ (లినక్స్ కోసమే చేసిన వెర్షన్) పాడైనా కనీసం వాళ్ళు "లినక్స్" అని రాసి అమ్మారు. అడిగే హక్కు మనకుంది. ప్రోటాన్ ఆటలో ఆ హక్కు కూడా లేదు. నేను తగ్గించి కట్టేది ఆ హక్కు లేనందుకు. నడవడం నడవకపోవడం దాని తర్వాతి సంగతి.

---

చార్మినార్64

హక్కు సంగతి ఏమో గానీ, రీఫండ్ ఉందిగా భాయ్. కొని 14 రోజులు దాటకుండా, ఆడింది 2 గంటల లోపే ఉంటే స్టీమ్ కారణం పెద్దగా అడగకుండా డబ్బు వెనక్కి ఇస్తుంది. 2015 నుంచి ఉన్న పద్ధతే ఇది. మనలాంటోళ్ళకి అదే అసలైన డెమో.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. నల్ల స్క్రీన్ చూస్తూ సెట్టింగ్స్ మారుస్తున్నా సరే, ఆట తెరిచి ఉన్నంతసేపూ ఆ 2 గంటల్లో కలుస్తుంది. అందుకే కొనకముందే ప్రోటాన్‌డీబీలో (ఏ ఆట ప్రోటాన్‌లో ఎలా నడిచిందో ఆడినవాళ్ళే రాసే సైట్) మన గ్రాఫిక్స్ కార్డే ఉన్నవాళ్ళు ఏం రాశారో చదవాలి. పైన కనిపించే ప్లాటినం, గోల్డ్ రేటింగ్ చూసి కొనేయొద్దు. అది అందరి సగటు. ఖరీదైన కార్డు ఉన్నవాడికి ప్లాటినం అయింది నీ లాప్‌టాప్‌లో ఫొటోల స్లైడ్‌షోలా కదలొచ్చు.

---

జీరో_ఎఫ్‌పీఎస్

పాత మెషిన్ ఉన్నవాళ్ళ కోసం ఇంకో ముక్క. ప్రోటాన్‌లో డైరెక్ట్‌ఎక్స్‌ని (విండోస్ ఆటల గ్రాఫిక్స్ భాష) వల్కన్‌గా (లినక్స్‌లోనూ నడిచే గ్రాఫిక్స్ భాష) మార్చేది డీఎక్స్‌వీకే. దాని 2.0 వెర్షన్ 2022 చివర్లో వచ్చింది, అప్పటి నుంచీ వల్కన్ 1.3 ఉండి తీరాలి. ఇంటెల్ నాలుగో తరం, అంతకన్నా పాత లాప్‌టాప్‌ల్లో అది లేదు. ఎన్‌విడియాలో 600, 700 సిరీస్‌లోని కెప్లర్ కార్డులదీ అదే కథ. అవి 470 డ్రైవర్ దగ్గరే ఆగిపోయాయి.

అలాంటి మెషిన్ ఉంటే ప్రోటాన్ 7.0 ఎంచుకుని చూడండి, అందులో పాత డీఎక్స్‌వీకే ఉంటుంది. అది కూడా కుదరకపోతే లాంచ్ ఆప్షన్స్‌లో వైన్‌డీ3డీ (వల్కన్ అక్కర్లేని పాత పద్ధతి) వాడమని పెట్టుకోవాలి. నెమ్మదిగా నడుస్తుంది, పాత ఆటలకి సరిపోతుంది. "200 రూపాయలకే దొరికింది" అని సంబరపడే ముందు ఇది చూసుకోండి.

---

డాలస్‌బావ

నేను టెక్సస్‌లో ఉంటా. మీరు రూపాయల్లో చూసే ధరలు చూసి ఇక్కడ మేం కుళ్ళుకుంటాం. నేను 15 డాలర్లు పెట్టే ఇండీ (చిన్న స్టూడియో) ఆట మీకు చాలాసార్లు 500 రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. అయినా ఏడుస్తున్నారేంటి?

మా తమ్ముడు విజయవాడలో ఉన్నాడు. వాడి అకౌంట్‌లో కొని నాకు గిఫ్ట్ పంపమందాం అనుకున్నా. కుదరలేదు. రెండు దేశాల ధరల మధ్య పెద్ద తేడా ఉంటే స్టీమ్ గిఫ్ట్ పోనివ్వదు.

---

కొబ్బరాకు

డాలస్‌బావ గారూ, ఆ 500 మా జీతంలో ఎంతో, 15 డాలర్లు మీ జీతంలో ఎంతో కూడా చూడాలి కదండీ 😄

ఆ చవక కూడా తగ్గుతూ వస్తోంది. స్టీమ్‌లో రూపాయి ధరలు 2015లో వచ్చాయి. ఏ దేశంలో ఎంత పెట్టాలో స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ ఒక సూచన పట్టిక ఇస్తుంది. 2022 అక్టోబర్‌లో దాన్ని సవరించినప్పుడు చాలా దేశాలతో పాటు మన రూపాయి అంకెలు కూడా బాగా పెరిగాయి. పైగా అది సూచన మాత్రమే. పాటించాలో లేదో పబ్లిషర్ ఇష్టం. చిన్న స్టూడియోలు దాదాపు పాటిస్తాయి. పెద్ద పబ్లిషర్లు చాలామంది డాలర్ ధరని రూపాయల్లోకి గుణించి పెట్టేస్తున్నారు.

ఇంకా నయం. 2023 నవంబర్‌లో అర్జెంటీనా, టర్కీ వాళ్ళకి సొంత కరెన్సీ తీసేసి డాలర్లలో పెట్టారు. రాత్రికి రాత్రి చాలా ఆటల ధరలు కొన్ని రెట్లు పెరిగాయి. అంతకుముందు ఆ దేశాల చవక ధరల కోసం వీపీఎన్‌తో వేరే దేశంలో ఉన్నట్టు చూపించి అకౌంట్ మార్చినవాళ్ళ పుణ్యం కూడా అందులో కొంత ఉందని నా అనుమానం.

---

హాస్టల్‌బ్యాచ్

వీపీఎన్ వద్దంటే మరి కీలు (ఆటని స్టీమ్‌లో చేర్చుకునే కోడ్‌లు) అమ్మే సైట్లు ఉన్నాయిగా? సగం ధరకే ఇస్తారు.

---

చార్మినార్64

వద్దు తమ్ముడూ. మా ఫ్రెండ్ అలాంటి ఒక సైట్‌లో కీ కొన్నాడు. కొన్నాళ్ళకి లైబ్రరీలోంచి ఆట మాయమైంది. ఆ కీ దొంగ కార్డుతో కొన్నదని తేలింది. సైట్‌వాళ్ళని అడిగితే అమ్మినవాడిని అడగమన్నారు, వాడు జవాబే ఇవ్వలేదు. బయట కొన్న కీకి స్టీమ్ రీఫండ్ వర్తించదు. డెవలపర్‌కి రూపాయి వెళ్ళదు, నీ రూపాయి వెనక్కి రాదు.

తక్కువ ధర కావాలంటే ఈజ్‌దేర్‌ఎనీడీల్ అనే ధరలు పోల్చే సైట్‌లో విష్‌లిస్ట్ పెట్టుకో. అనుమతి ఉన్న స్టోర్లే చూపిస్తుంది, ఒక్కో ఆట గతంలో ఎంత కిందికి దిగిందో కూడా చెప్తుంది. పోయిన సేల్‌లో 75 శాతం తగ్గిన ఆటని ఈ సేల్‌లో 40 శాతం తగ్గింపుకి కొనక్కర్లేదు.

---

నల్లమల

సేల్ మొదటి రోజే ఎగబడాల్సిన పని కూడా లేదు. ఒకప్పుడు స్టీమ్‌లో కొన్ని గంటలే ఉండే ఫ్లాష్ డీల్స్ పెట్టేవాళ్ళు. 2015 నుంచి తీసేశారు. ఇప్పుడు సేల్ మొదటి రోజు ఎంతో చివరి రోజూ అంతే. టెన్షన్ పడకుండా జీతం పడ్డాక కొనుక్కోవచ్చు.

సేల్ కోసం ఎదురుచూసి లాభం లేని ఆట మాత్రం ఒకటుంది. ఫ్యాక్టోరియో. వాళ్ళు ఎప్పటికీ డిస్కౌంట్ ఇచ్చేది లేదని ముందే చెప్పేశారు. 2023 జనవరిలో 30 డాలర్ల నుంచి 35కి పెంచారు కూడా! అయినా తిట్టలేను. లినక్స్ వెర్షన్‌ని అంత శ్రద్ధగా చూసుకునే స్టూడియోలు తక్కువ. ఫ్రీ డెమో కూడా లినక్స్‌కి ఇచ్చారు. కొబ్బరాకు లెక్క ప్రకారమే పూర్తి ధర పెట్టాల్సిన ఆట ఇది.

---

కొబ్బరాకు

నిజమే. డెమో ఆడా. బాగుంది కాబట్టే కొనట్లేదు. కొంటే ఉద్యోగం పోతుంది.

---

విండోసే_మేలు

అన్నీ బాగానే ఉన్నాయి, మరి వాలరెంట్ ఎలా ఆడతారు? ఫోర్ట్‌నైట్? కాల్ ఆఫ్ డ్యూటీ? మా కాలేజీలో అందరూ ఆడేది అవే. ఫ్రీ ఆటే మీకు దొరకనప్పుడు ధర గురించి మాట్లాడి ఏం లాభం?

---

జీరో_ఎఫ్‌పీఎస్

ఈసారి విండోసే_మేలు అడిగిన దాంట్లో న్యాయం ఉంది. ధర కన్నా పెద్ద గోడ ఇదే.

వాలరెంట్‌లో ఉండే వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ (మోసం చేసేవాళ్ళని పట్టే ప్రోగ్రామ్) విండోస్ కెర్నెల్‌లో (సిస్టమ్ లోపలి మూలభాగం) కూర్చుని చూస్తుంది. లినక్స్‌లో దానికి చోటు లేదు, ప్రోటాన్ ఏమీ చేయలేదు. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ రెండూ ప్రోటాన్‌లో పనిచేస్తాయని 2021లోనే ప్రకటించారు. కానీ ఆన్ చేయాల్సింది డెవలపర్. ఫోర్ట్‌నైట్‌వాళ్ళు చేయలేదు.

దీనికన్నా కోపం తెప్పించేది, ఇచ్చి లాక్కోవడం. ఏపెక్స్ లెజెండ్స్ రెండేళ్ళకి పైగా లినక్స్‌లో బాగా నడిచింది. 2024 అక్టోబర్ 31న ఆపేశారు. అంతకు నెల ముందే జీటీఏ 5కి బ్యాటిల్‌ఐ పెట్టారు, లినక్స్‌లో ఆన్‌లైన్ పోయింది. కథ మాత్రం ఆడుకోవచ్చు. ఆన్‌లైన్ కోసమే కొన్నవాళ్ళ డబ్బు గంగలో కలిసినట్టే.

---

కొబ్బరాకు

నేను మొదటి పోస్టులో అన్నది సరిగ్గా ఇదే! రీఫండ్ 14 రోజుల్లో ఇస్తారు. లినక్స్‌ని ఆపేది రెండేళ్ళ తర్వాత. మధ్యలో ఉన్న రిస్క్ ఎవరు మోస్తున్నారు? మనమే. అందుకే ఆన్‌లైన్ మీదే ఆధారపడిన ఆటకి నేను పైసా పెట్టను. అందులో స్కిన్లు (పాత్రల అలంకారాలు) కూడా కొనను.

---

పాతకాపు

ఆన్‌లైన్ ఆటల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఒంటరిగా ఆడే ఆటలకి కూడా అదే లెక్క వేస్తే మాత్రం మనకే నష్టం.

2010 మేలో మొదటి హంబుల్ బండిల్ (కొన్ని ఇండీ ఆటల కట్ట) వచ్చింది. వరల్డ్ ఆఫ్ గూ, అక్వేరియా, గిష్, లుగారు, పెనుంబ్ర. నచ్చినంత కట్టండి అన్నారు. సగటున ఎక్కువ కట్టింది లినక్స్ వాళ్ళే, విండోస్ వాళ్ళని మించి. అమ్మకం పది లక్షల డాలర్లు దాటాక వాటిలో కొన్ని ఆటల సోర్స్ కోడ్ కూడా విడుదల చేశారు. "లినక్స్ వాళ్ళు డబ్బు పెట్టరు" అనే మాటకి అప్పట్లో మేం చూపించిన జవాబు అదే. ఇప్పుడు మనం "సగం అయితేనే కొంటాం" అంటే పాత మాట మళ్ళీ మొదలవుతుంది.

స్టీమ్‌లో లినక్స్ వాటా 2025లో మొదటిసారి 3 శాతం దాటింది. స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే లినక్స్ మెషిన్ వల్ల పెరిగింది. అదేమో ఇండియాలో అధికారికంగా అమ్మనే అమ్మరు. బయటి నుంచి తెప్పించి అమ్మేవాళ్ళ దగ్గర ఎక్కువ పెట్టి, వారంటీ లేకుండా కొనాలి.

---

కొబ్బరాకు

గౌరవంతోనే చెప్తున్నా పాతకాపు గారూ. 2010లో ఎక్కువ కట్టినవాళ్ళ చేతిలో డాలర్లు ఉన్నాయి. నా దగ్గర నెలకి 300 ఉన్నాయి. ఉద్యమం కోసం ఆట కొనే స్తోమత నాకు లేదు. పైగా డిస్కౌంట్‌లో కొన్నా స్టీమ్ లెక్కలో అది లినక్స్ అమ్మకమే. ప్రోటాన్‌లో ఆడినా సరే లినక్స్ కిందికే వస్తుందంటున్నారు. మొదటి రోజు బెనిఫిట్ షోకి వెళ్ళినవాడూ, మూడో వారం బాల్కనీ టికెట్ తీసుకున్నవాడూ ఇద్దరూ సినిమా చూసినట్టే కదా.

---

అక్కయ్యపాలెం_అక్క

మగపిల్లల గొడవ అయ్యాక నేను కాస్త పనికొచ్చేది చెప్తా.

మా ఇంట్లో ముగ్గురు పిల్లలు, రెండు పాత కంప్యూటర్లు, రెండింట్లోనూ లినక్స్ మింట్. స్టీమ్ ఫ్యామిలీస్ పెట్టుకున్నాం. మొత్తం ఆరుగురి దాకా చేరొచ్చు. ఒకరు కొన్న ఆట మిగతావాళ్ళూ ఆడొచ్చు, వేర్వేరు ఆటలైతే ఒకేసారి కూడా. ఒకే ఆటని ఇద్దరు ఒకేసారి ఆడాలంటే మాత్రం రెండు కాపీలు కావాలి. కొన్ని ఆటలు ఈ పంపకానికి ఒప్పుకోవు, స్టోర్ పేజీలో చూసి కొనండి. ఒకే ఇంట్లోవాళ్ళకి అని రూలు, కాబట్టి డాలస్‌బావ గారు తమ్ముడి లైబ్రరీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఒకరు బయటికి వెళ్తే ఆ చోటు ఏడాది దాకా ఖాళీగానే ఉంటుంది. అందుకని పక్కింటి బాబుని చేర్చేముందు ఆలోచించండి.

చిన్నదానికి మైన్‌క్రాఫ్ట్ కావాలని ఏడుపు. ప్రస్తుతానికి లువాంటి వేసిచ్చా, పాత పేరు మైన్‌టెస్ట్. దాని మీద వోక్సెలిబ్రే అనే ఆట పెడితే చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది. పూర్తిగా ఉచితం. పెద్దవాడికి సూపర్‌టక్స్‌కార్ట్, 0 ఏ.డి. ఇందులో మౌర్యులుగా కూడా ఆడొచ్చు. 2025 జనవరిలో వచ్చిన వెర్షన్‌కి పేరు "అగ్ని". వాడు మౌర్య ఏనుగులతో రోమన్ల గోడలు పగలగొట్టడం తప్ప హోమ్‌వర్క్ చేయట్లేదు.

---

హాస్టల్‌బ్యాచ్

అక్కా, ఓపెన్‌టీటీడీ కూడా చేర్చండి. సైజు చాలా చిన్నది, నా హాట్‌స్పాట్‌కి సరిగ్గా సరిపోయింది. వెస్నోత్ కూడా పాత లాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది.

ఎపిక్ స్టోర్‌వాళ్ళు 2018 నుంచి ఫ్రీ ఆటలు ఇస్తున్నారు కదా, అవి లినక్స్‌లో తీసుకోవచ్చా?

---

జీరో_ఎఫ్‌పీఎస్

తీసుకోవచ్చు. ఎపిక్‌కి లినక్స్ లాంచర్ లేదు. బ్రౌజర్‌లో లాగిన్ అయి ఆట క్లెయిమ్ చేసుకో, తర్వాత హీరోయిక్ లాంచర్ వేసుకుని అందులో దించుకో. జీఓజీ అనే స్టోర్ అకౌంట్ కూడా అందులోనే కలుస్తుంది. యాంటీ చీట్ ఉన్న ఆటలు కాకుండా మిగతావి ఎక్కువగా నడుస్తాయి.

స్టీమ్‌తో పోలిస్తే ఒక చిక్కుంది. ఇక్కడ ఏది పాడైనా సరిచేసుకోవాల్సింది మనమే. హీరోయిక్ రాసేది స్వచ్ఛందంగా పనిచేసే వాళ్ళు, ఎపిక్ కాదు. ఫ్రీ ఆటకి పర్లేదు. డబ్బు పెట్టి కొనేదైతే నేను స్టీమ్‌లోనే కొంటా.

---

నల్లమల

నేనైతే జీఓజీ. ఇన్‌స్టాలర్ దించి హార్డ్‌డిస్క్‌లో దాచుకోవచ్చు, డీఆర్‌ఎం (కాపీ తాళం) ఉండదు. స్టోర్ రేపు మూసేసినా, నెట్ పోయినా నా ఆట నా దగ్గరే. ఊళ్ళో కరెంట్ ఉండి నెట్ లేని రోజుల్లో ఆ విలువ తెలుస్తుంది. పాత మంచి ఆటలు సేల్‌లో వంద రూపాయలకి కూడా దొరుకుతాయి.

---

సికింద్రాబాద్_స్క్రూ

ధరల చర్చలో హార్డ్‌వేర్ మర్చిపోయారు. సీటీసీలో (సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం) తిరిగితే క్రిప్టో మైనింగ్‌లో వాడిన ఆర్‌ఎక్స్ 580 కార్డులు ఇప్పటికీ కనిపిస్తాయి. లినక్స్‌లో ఏఎండీ డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది, మీసా (లినక్స్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయి. విండోస్‌లో ఈ కార్డుకి కొత్త మెరుగులు దాదాపు ఆగిపోయాయి, మన దగ్గర బతికే ఉంది. కొనేముందు షాపులోనే ఏదైనా ఆటో, బెంచ్‌మార్కో పెట్టి చూడండి. స్క్రీన్ మీద చుక్కలు వస్తున్నాయా, ఫ్యాన్లు తిరుగుతున్నాయా చూసుకోవాలి. ఒప్పుకోని షాపులో కొనొద్దు.

---

కొబ్బరాకు

అందరికీ థ్యాంక్స్. ఈజ్‌దేర్‌ఎనీడీల్‌లో విష్‌లిస్ట్ పెట్టేశా. అక్క చెప్పిన ఫ్యామిలీస్ మా తమ్ముడితో కలిపి మొదలుపెడతా, వాడి దగ్గర హోలో నైట్ ఉంది.

పాతకాపు గారి మాట మీద ఒక సవరణ చేసుకుంటున్నా. లినక్స్ కోసం నిజంగా పనిచేస్తున్న చిన్న స్టూడియో అయితే డిస్కౌంట్ కోసం ఆగను. మిగతా పెద్ద పబ్లిషర్లకి నా పాత సూత్రమే.

జీరో_ఎఫ్‌పీఎస్ అన్నా, వేగా గ్రాఫిక్స్ (ప్రాసెసర్‌లోనే ఉండేది) ఉన్న రైజెన్‌లో ఎల్డెన్ రింగ్ 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) వస్తుందా? సేల్‌లో చూస్తున్నా.

---

జీరో_ఎఫ్‌పీఎస్

ప్రోటాన్‌లో ఆట నడుస్తుంది, దాని గురించి భయం లేదు. వేగాకి మాత్రం బరువెక్కువ. 720పీ, అన్నీ లోలో పెట్టినా 30 నిలకడగా రాదు. ర్యామ్ ఒకే స్టిక్ అయితే ఇంకా తగ్గుతుంది, ముందు రెండో స్టిక్ వేయించు. ఆట తర్వాత కొను.

---

విండోసే_మేలు

లినక్స్ మింట్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) ఎక్కడ దొరుకుతుంది? నాకు కాదు, మా చెల్లి పాత లాప్‌టాప్‌కి. విండోస్ 10కి అప్‌డేట్లు ఆపేశారు, 11 ఎక్కట్లేదు.

---

అక్కయ్యపాలెం_అక్క

మింట్ సైట్‌లోనే ఉంటుంది బాబూ. సినమన్ వెర్షన్ కాకుండా ఎక్స్‌ఎఫ్‌సీఈ వెర్షన్ తీసుకో, పాత మెషిన్‌కి తేలిక. లాప్‌టాప్ మోడల్, ర్యామ్ ఎంతో చెప్పి కొత్త చర్చ తెరువు, అక్కడ చూద్దాం.